ఆ కొస పట్టుకో

అమ్మానాన్నలు ఆమెకు పెట్టిన పేరు ఒకటి ఉండేది. ఆసుపత్రి లాండ్రీలో చేరిన కొత్తలోనే అది వాడుక తప్పిపోయింది. దుప్పటి అంచు చేతిలోకి రాగానే ఎదురుగా ఎవరుంటే వాళ్ళతో, ఆఖరికి మేస్త్రితో కూడా, "ఆ కొస పట్టుకో" అనేది. ఆ మాట పదిమంది నోళ్ళలో నాని నాని చివరికి ఆమె కొసక్క అయిపోయింది.

పెద్ద దుప్పటిని ఒక్క మనిషి మడవలేక కాదు. బల్ల మీద పరిచి, చుట్టూ తిరుగుతూ మడవొచ్చు. ఆలస్యమవుతుంది, అంచులు సరిగ్గా కలవవు, అంతే. అందుకని లాండ్రీలో పొడి వైపు, అంటే ఆరిన బట్టల దగ్గర, పనిచేసేవాళ్ళంతా జోడీలుగా మడిచేవారు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, దుప్పటిని బిగలాగి ఒక్క దులుపు దులుపుతారు. ముడతలు పోతాయి. అంచుకి అంచు కలుపుతారు. అప్పుడు ఒకరు నడిచి వచ్చి తన చేతిలోని మూలలు ఎదుటి మనిషి చేతిలో పెట్టి, కిందికి వేలాడుతున్న మడతను వంగి అందుకుని, వెనక్కి వెళ్తారు. నడిచేది ఒక్కరే. రెండో మనిషి ఉన్నచోటు నుంచి కదలకూడదు. ఇద్దరూ నడిస్తే ముక్కూ ముక్కూ గుద్దుకుంటాయి, దుప్పటి నేలకు తగిలి మళ్ళీ ఉతుకుడుకి పోతుంది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ మొదటిరోజు ఈ పొరపాటు చేసేవారు. షెడ్డంతా గొల్లుమనేది.

ఆ జోడీలో కొసక్క నిలబడే మనిషి. నడిచేది ఆమె మరదలు, తమ్ముడి భార్య. ఏళ్ళ తరబడి చేసిన పని కావడంతో వాళ్ళకి చూపులతో కూడా పని ఉండేది కాదు. నోళ్ళు ఊరి సంగతులు మాట్లాడుకుంటుంటే చేతులు వాటి పని అవి చూసుకునేవి.

షెడ్డు బయట కూడా కొసక్క ఏ పనీ ఒంటరిగా చేసేది కాదు. కుళాయికి వెళ్తే పక్క వాటా వాళ్ళని కేకేసేది. పిండిమరకి వెళ్తే వీధి చివరి వాళ్ళని కూడా లేవదీసేది. సూది కొనడానికి కూడా ఆవిడకి సైన్యం కావాలి అని ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే పిన్ని వెక్కిరించేది. అలా అంటూనే చెప్పులేసుకుని వెనకాల బయల్దేరేది. పిలిస్తే రాను అనడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. ఎందుకంటే ఆవిడ బతిమాలేది కాదు, సాయం అడిగేది కాదు. 'వెళ్తున్నా, వస్తావా' అనేది. అంతే. వెళ్ళినవాళ్ళకి తమ పొయ్యి మీద ఏముందో, తమ ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో ఆ కాస్త దూరం మరుపున పడేది.

ఈ అలవాటు ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళయిన కొద్దికాలానికే, బావి తవ్వుతుండగా మట్టి కూలి ఆమె భర్త పోయాడు. వచ్చినవాళ్ళంతా అంతా రాత అన్నారు. రాత గురించి వినీ వినీ ఆమె తలుపు మూసుకుంది. అన్నం కుండ దించితే దించేది, లేకపోతే లేదు. ఒకరోజు పక్క వాటాలోని ముసలావిడ తలుపు తోసుకుని వచ్చింది. ఓదార్చడానికి కాదు, తడిగుడ్డల బకెట్టుతో. ఏడుపు ఎక్కడికీ పారిపోదు గానీ లేచి ఈ గుడ్డలు పిండు, నా వేళ్ళు వంగి చావడం లేదు అని తిట్టినట్టే చెప్పింది. ఆమె లేచి పిండింది. మర్నాడు ముసలావిడ మళ్ళీ పిలిచింది. ఆ తర్వాత ఏ రోజూ మానలేదు. అలా గుడ్డలు పిండుతూ పిండుతూ ఆమె మళ్ళీ మనుషుల్లో పడింది. మనిషిని ఓదార్చకూడదు, పనికి పిలవాలి అని ఆనాడు మనసులో రాసుకుంది. ఆ పాఠంలో తను నేర్చుకున్నది సగమేనని చాలా ఏళ్ళ తర్వాత గాని ఆమెకు తెలియలేదు.

తమ్ముడికి ఒక్కతే కూతురు. బడి వదలగానే తల్లి కోసం లాండ్రీకి వచ్చేది. కొసక్కా మరదలూ దుప్పటి దులిపినప్పుడు అది పడగెత్తినట్టు పైకి లేస్తుంది కదా, ఆ క్షణం కోసం పిల్ల కాచుకుని ఉండి, దుప్పటి కింద నుంచి ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తేది. మేస్త్రి కోప్పడేవాడు. ఇది ఆసుపత్రి సొత్తా, మీ ఇంటి ఉయ్యాలా అనేవాడు. కోప్పడుతూనే ఇంకోసారి దులిపేదాకా అక్కడే నిలబడేవాడు.

వానలు మొదలైన కొత్తలో ఆ పిల్లకి జ్వరం తగిలింది. మొదట మామూలు జ్వరమే అనుకున్నారు. తగ్గింది, మళ్ళీ వచ్చింది, ఈసారి తగ్గలేదు. అదే ఆసుపత్రిలో, వీళ్ళు మడిచిన దుప్పటి కిందే పడుకుని, తెల్లవారుతుండగా పోయింది.

ఆ వార్డు దుప్పట్లు ఎప్పటిలాగే లాండ్రీకి వచ్చాయి. అన్నీ తెల్లవే. ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఉండదు. ఉడికి, ఆరి, మడతకి వచ్చాయి. వాటిలో ఏదో ఒకటి ఆ పిల్ల మీద కప్పినది. అది ఏదో ఎవరూ చెప్పలేరు. మరదలు మాత్రం, నేనిక దుప్పటి ముట్టుకోను అంది. ముట్టుకోలేదు. లాండ్రీ వైపు అడుగు పెట్టలేదు. ఇంట్లో ఉత్త చాప మీద పడుకునేది, చలేసినా ఏమీ కప్పుకునేది కాదు.

తమ్ముడిది బస్సు డిపోలో టైర్లు మార్చే పని. చిన్నప్పటి నుంచీ నోట్లో నాలుక లేని మనిషి. కూతురు పోయాక ఉన్న ఆ రెండు మాటలూ పోయాయి. భార్య నిద్ర లేవకముందే వెళ్ళిపోయేవాడు, చీకటి పడ్డాక వచ్చి వండినది ఉంటే తినేవాడు, లేకపోతే మంచినీళ్ళు తాగి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒక గదిలో ఇద్దరు మనుషులు, మధ్యలో ఆ పిల్ల చెప్పుల జత. దాన్ని తీయడానికి ఆయనకీ ధైర్యం లేదు, ఆమెకీ లేదు. అటొకరు ఇటొకరు దాటుకుని నడిచేవారు.

ఇవన్నీ చూసిన కొసక్కకి ఒకటే భయం పట్టుకుంది. ఇలాగే వదిలేస్తే మరదలు ఆ గదిలోనే ఎండిపోయి పోతుంది. ఆమె పోతే తమ్ముడూ మిగలడు. తనకి ఈ భూమ్మీద ఉన్న ఇద్దరూ వాళ్ళే.

అందుకని రోజూ పనికి వెళ్ళేముందు ఆ గుమ్మం దగ్గర ఆగేది. ఎలా ఉన్నావు అని ఒక్కనాడూ అడగలేదు. సంచిలోంచి పప్పు తీసి పళ్ళెంలో పోసి, ఈసారి కొట్టువాడు రాళ్ళతో కలిపి అమ్మాడు, నా కళ్ళకి ఆనడం లేదు, సాయంత్రానికి ఏరిపెడతావా అనేది. మరదలు మొదట్లో పళ్ళెం వైపు కూడా చూసేది కాదు. తర్వాత్తర్వాత సాయంత్రానికి పప్పు ఒక వైపు, రాళ్ళు ఒక వైపు అయ్యేవి. రాళ్ళను కిటికీ గట్టు మీద పోసేది. కొసక్క ఆ పప్పు తీసుకుని, రాళ్ళను కూడా అరచేతిలోకి ఊడ్చుకుని, బయట పారేస్తాలే అని తీసుకుపోయేది. చిన్న విషయమే. కానీ ఒకరోజు పళ్ళెం పక్కన ఎంగిలి గిన్నె కనిపించింది. ఆ రోజు మరదలు అన్నం తిన్నదన్నమాట. కొసక్క ఇంటికి పోతూ దారంతా ఎవరినీ పిలవకుండా, తనలో తను నవ్వుకుంటూ నడిచింది.

లాండ్రీలో ఆమె ఎదుటి చోటు ఖాళీగా ఉంది. మేస్త్రి కొత్త మనిషిని జోడీగా ఇస్తానన్నాడు. ఊరందరినీ పిలిచే మనిషి, ఆ ఒక్క చోటికి మాత్రం ఎవరినీ పిలవనంది. మరదలు వస్తుంది, ఇవాళ కాకపోతే రేపు, వచ్చేసరికి చోటు ఉండాలి అంది. మరి అంతవరకూ ఎలా మడుస్తావు అన్నాడు మేస్త్రి. ఎదుటి గోడకి పాత క్యాలెండరు మేకు ఒకటి ఉంది. ఆమె దుప్పటి రెండు మూలలూ కలిపి ఆ మేకుకి తగిలించి, ఈ చివర తను పట్టుకుని లాగి, మడిచి చూపించింది. ఇన్నాళ్ళూ నిలబడిన మనిషి ఇప్పుడు తనే నడవాలి. మేకు దగ్గరికి వెళ్ళి, విప్పి, వెనక్కి వచ్చి, మళ్ళీ తగిలించి. ఇస్త్రీ పిన్నికి ఇది నవ్వులాట అయింది. ఒకసారి కొసక్క పరధ్యానంగా ఆ మేకుతోనే "పట్టుకున్నావా?" అందట. అది పట్టుకున్నానందట. అలా చెప్పి షెడ్డంతా నవ్వించేది. కొసక్క కూడా నవ్వేది.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. ఒకరోజు సాయంత్రం ఆమె వెళ్ళేసరికి మరదలు పళ్ళెం ముందు కూర్చుని ఉంది. పప్పంతా ఏరేసింది. అరచేతిలో ఒకే ఒక్క రాయి పెట్టుకుని చూస్తోంది. ఎర్రటి చిన్న రాయి, మధ్యలో తెల్లటి గీత.

"ఈ రాయి నాకు తెలుసు వదినా," అంది.

"రాళ్ళన్నీ ఒకేలా ఉంటాయిలే."

"ఉండవు. దీనికి గీత ఉంది. మొన్న నా చేతికి వచ్చింది. అంతకుముందు వారం కూడా వచ్చింది. నేను ఏరి కిటికీలో పోస్తాను. నువ్వు పారేస్తానని పట్టుకుపోతావు. మళ్ళీ కలిపి తెస్తావు."

కొసక్క ఆ రాయి వైపు చూసింది. అబద్ధం ఆడదామంటే ఆ గీత కళ్ళెదురుగా ఉంది.

"నా కూతురు పోయి నేను కూర్చుంటే నాతో ఆటలాడుతున్నావా?"

"ఆట కాదమ్మా. చేతులు ఊరికే ఉంటే మనసు..."

"నా చేతుల సంగతి నువ్వెవరు చూడటానికి? పిచ్చిదానికి బొమ్మ ఇచ్చి కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టావు నన్ను. నేను నీకు ఉపయోగపడుతున్నాననుకున్నాను. అదొక్కటే..." అని ఆగిపోయింది.

చేతిలోని రాయిని కిటికీ గట్టు మీదికి విసిరేసి, మిగతా పప్పూ రాళ్ళూ కలిపి సంచిలో పోసి, మూతి బిగించి, గుమ్మం బయట పెట్టింది. తలుపు మూసింది. లోపల గడియ పడిన చప్పుడు కొసక్క విన్నది. ఎంగిలి గిన్నె కనబడిన రోజున తను ఎంత పొంగిపోయిందో, ఇప్పుడు దానికి అంతగానూ సిగ్గుపడింది. మర్నాడు ఆ గుమ్మం ముందు నుంచి కాకుండా చుట్టు తిరిగి పనికి వెళ్ళింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు ఆ వారంలోనే దుప్పట్ల సంగతి బయటపడింది. మేకు ప్రతి దుప్పటి మూలనూ కొద్దికొద్దిగా చింపుతోంది. ఒక్కోటీ రెండు మూడు ఉతుకులయ్యేసరికి ఆ చిరుగు వేలు పట్టే కన్నమవుతోంది. వార్డు నర్సు ఒక దుప్పటి తెచ్చి మేస్త్రి ముందు పరిచి, రోగి బొటనవేలు ఇందులో ఇరుక్కుంది, లాగలేక అరుస్తున్నాడు అని చెప్పింది. మేస్త్రి పైవాళ్ళ చేత మాట పడ్డాడు. పడినవాడు ఊరుకుంటాడా.

"జోడీగా మనిషినిస్తానంటే వద్దన్నావు. మేకుని పెట్టుకున్నావు. ఇప్పుడు ఆ మేకుని నేను పనిలోంచి తీసెయ్యాలా, నిన్ను తియ్యాలా?"

పనిలోంచి తీయలేదు గానీ తడి వైపుకి మార్చాడు. ఉడికిన దుప్పట్లు తొట్టిలోంచి తీసి బండిలోకి ఎత్తే పని అది. ఒక్కో దుప్పటి తడిసిన మనిషంత బరువు. కింద ఎప్పుడూ సబ్బునీళ్ళు. ఆవిరికి ఊపిరాడదు, బయటికొస్తే వానగాలి. ఆమె వయసువాళ్ళు చేసే పని కాదు. అక్కడ చేరిన కొద్దిరోజులకే దగ్గు పట్టుకుంది. ఆ తర్వాత ఒకరోజు బండి తోస్తూ కాలు జారింది. పడుతూ కుడిచెయ్యి నేలకి ఆనించింది. మణికట్టు దగ్గర ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైందని పక్కనున్నవాళ్ళు చెప్పారు.

పిండికట్టు వేసి ఇంటికి పంపారు. అక్కడి నుంచి కొసక్కకి అసలు కష్టం మొదలైంది.

ఒక చేత్తో అగ్గిపుల్ల వెలగదు. ఒక చేత్తో గుండీలు పడవు. బకెట్టు ఎత్తొచ్చు గానీ నీళ్ళు ఒంపుకోవడం కుదరదు. మొదటిరోజే మంచం మీది దుప్పటి మీద గంజి ఒలికిపోయింది. దాన్ని బకెట్టులో నానబెట్టింది గానీ పిండే దారి లేదు. దుప్పటి బకెట్టులోనే ఉండిపోయి, వాసన కొట్టడం మొదలైంది. ఉత్త మంచం మీద పడుకునేది. జుట్టు దువ్వుకోలేక చిక్కుపడి, చిక్కు ముద్దకట్టి, తలలో కాకిగూడు మోస్తున్నట్టుండేది.

గోడకవతల మనుషులున్నారు. వాళ్ళ గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక్క కేక వేస్తే ఎవరో ఒకరు వస్తారు. జీవితమంతా కేకలేసి పిలిచిన మనిషి. సూదికి సైన్యాన్ని లేవదీసిన మనిషి. ఆ ఒక్క కేక గొంతు దాటి రాలేదు. ఇస్త్రీ పిన్ని వచ్చి ఏమైనా చెయ్యనా అంటే, అన్నీ అయిపోయాయి, బాగానే ఉన్నాను అంది. తడి బకెట్టుని కాలితో మంచం కిందికి తోసి మరీ అంది.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కొసక్క ఆ మాట ఎంతమందికో చెప్పింది. ఇప్పుడు ఉత్త మంచం మీద పడుకుని, తను ఇన్నాళ్ళూ ఎవరినీ ఏమీ అడగలేదన్న సంగతి తెలుసుకుంది. తనకి ఏమీ అక్కర్లేనప్పుడు పిలిచింది. దారిలో తోడుకి పిలిచింది, నవ్వుకోవడానికి పిలిచింది. రాకపోయినా తనకి పోయేదేమీ లేదు. అందుకే పిలుపు అంత తేలిగ్గా వచ్చేది. ఆ పక్క వాటా ముసలావిడ అలా కాదు. ఆవిడ వేళ్ళు నిజంగానే వంగేవి కావు. గుడ్డలు పిండకపోతే నిజంగానే ఆవిడకి ఆరిన గుడ్డ ఉండేది కాదు. ఆవిడ ఆ రోజు జాలిపడి రాలేదు, గతిలేక వచ్చింది. ఆ గతిలేనితనమే తనని లేపింది. ఇన్నేళ్ళుగా పిలుపు గుర్తుంది గానీ ఆ వేళ్ళు గుర్తులేవు.

తమ్ముడు వచ్చాడు. డిపోలో ఎవరో చెప్పారట. కట్టు వైపు, బకెట్టు వైపు, జుట్టు వైపు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. పొయ్యి వెలిగించి ఏదో ఉడకబెట్టాడు. వెళ్ళేముందు, నీ మరదల్ని పంపుతాను అన్నాడు. వద్దురా అంది.

అయినా ఆయన ఇంటికి వెళ్ళి భార్యకి చెప్పాడు. పిల్ల పోయాక ఆయన ఆమెతో అన్న మొదటి పూర్తి మాట అదే. అక్క చెయ్యి విరిగింది, ఒక్కతే ఉంది, వెళ్ళి చూడు అన్నాడు.

మరదలు గోడ వైపు నుంచి తిరగలేదు. "పోయినసారి రాళ్ళు. ఈసారి చెయ్యి వంక దొరికిందా?" అంది.

ఇద్దరి మధ్యా మళ్ళీ ఆ చెప్పుల జత మిగిలింది. తమ్ముడు ఈ మాట అక్కకి చెప్పి ఉండకూడదు. కానీ దాచడం చేతకాని మనిషి, ఎందుకు రాలేదు అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కొసక్క చాలాసేపు దగ్గి, దగ్గు ఆగాక, నేను చేసుకున్నదే కదరా అంది.

ఆ మధ్యాహ్నమే ఆమె లేచి చెప్పులేసుకుంది. వాన వెలిసి వీధంతా బురద. చెయ్యి మెడకి వేలాడదీసుకుని, ఒంటి గుండీ పెట్టుకున్న బట్టతో, కాకిగూడు తలతో నడిచింది. దారిలో ఎవరో, ఎక్కడికి కొసక్కా, మమ్మల్ని పిలవకుండానే అని హాస్యమాడారు. ఆమె తల వంచుకుని నడుస్తూనే ఉంది. తమ్ముడింటి తలుపు ముందు నిలబడింది. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూనే వచ్చింది. తీరా వచ్చాక ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"నేనే," అంది. "జుట్టు చిక్కు పడిపోయింది. నాకు రావట్లేదు. కాస్త దువ్వుతావా?"

లోపల చప్పుడు లేదు. కొసక్క నిలబడే ఉంది. ఆమెకు అలవాటైన పని అదే. గోడకి ఆనుకుందామంటే కట్టు నొప్పి. దగ్గు వస్తే నోరు భుజానికి అదిమి దగ్గింది. వెళ్ళిపోదామని కూడా ఒకసారి వెనక్కి తిరిగింది.

గడియ తీసిన చప్పుడైంది. మరదలు తలుపు సందులోంచి ముందు మొహం చూసింది, తర్వాత కట్టు చూసింది, చివరికి జుట్టు చూసింది. చాలాసేపు జుట్టునే చూసింది. అలాంటి చిక్కు కావాలని వేసుకునేది కాదు.

"నిజంగానే రాదా?"

"రాదు."

"ఎన్నాళ్ళయింది దువ్వుకుని?"

"కట్టు వేసిన దగ్గర్నుంచీ."

మరదలు పక్కకి తప్పుకుంది. లోపల ఒకే దువ్వెన ఉంది, పిల్ల దువ్వెన. పళ్ళ మధ్య ఒక పొడుగాటి సన్నటి వెంట్రుక ఇంకా చుట్టుకునే ఉంది. మరదలు దాన్ని రెండు వేళ్ళతో మెల్లగా ఊడదీసింది. ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు పట్టుకుని, చివరికి కిటికీ గట్టు మీద, ఇదివరకు రాళ్ళు పోసిన చోట పెట్టింది. గాలికి అది ఎగిరిపోతుందేమోనని దాని మీద ఏదో పెట్టబోయింది. గట్టు మూలలో ఆ ఎర్ర రాయి ఒక్కటే మిగిలి ఉంది. దాన్ని పెట్టింది.

ఆ చిన్న దువ్వెనతో ఆ చిక్కు తీయడం మాటలు కాదు. సగానికి సగం కత్తిరించాల్సి వచ్చింది. లాగినప్పుడల్లా కొసక్క కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అవి దేనికో మరదలు అడగలేదు, ఆమె చెప్పలేదు. గుమ్మంలో ఎండ గడప దిగి వెళ్ళిపోయేదాకా మరదలు చిక్కు తీస్తూనే ఉంది. జడ వేసి, కొస బిగించి, మరదలు గుండీలు కూడా పెట్టింది.

"రేపు కూడా రా వదినా," అంది. "ఒక్కరోజుకి పోయే చిక్కు కాదు ఇది."

మర్నాడు వెళ్ళింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి నడిచే ఓపిక పోయింది. అప్పుడు మరదలే ఆమె గదికి రావడం మొదలుపెట్టింది. పొయ్యి వెలిగించేది, జడ వేసేది. మంచం కింది బకెట్టుని మాత్రం చూసీ చూడనట్టు వదిలేసేది. అందులో దుప్పటి ఉందని ఆమెకు తెలుసు. కొసక్క కూడా దాని ఊసెత్తలేదు.

ఇది కథయితే ఇక్కడ ఎండ కాసి ఉండేది. కాయలేదు. చెయ్యి అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. తడి వైపు పట్టుకున్న ఆ దగ్గు రొమ్ములోకి దిగి అక్కడే ఇల్లు కట్టుకుంది. ఆసుపత్రికి పోదాం అన్నాడు తమ్ముడు. కొసక్క మరదలి మొహం చూసి, వద్దు, ఇంట్లోనే తగ్గుతుంది అంది. ఎందుకు వద్దంటుందో ముగ్గురికీ తెలుసు. మరదలు తల వంచుకుని జడ అల్లడం పూర్తి చేసింది. పూర్తయ్యాక లేచి, చెప్పులేసుకుని, గుమ్మంలో నిలబడింది.

"పద వదినా. నేను కూడా వస్తాను."

అదే ఆసుపత్రి, అలాంటి వార్డే. గుమ్మం దగ్గర మరదలి కాళ్ళు ఒకసారి ఆగాయి. కొసక్క ఆమె కోసం ఆగింది. ఇద్దరూ కలిసి లోపలికి వెళ్ళారు. నర్సు తెల్ల దుప్పటి తెచ్చి కప్పింది. కొసక్క ఎడమచెయ్యి అలవాటు కొద్దీ అంచు తడుముకుంటూ మూలదాకా వెళ్ళి ఆగింది. మూలలో వేలు పట్టేంత కన్నం ఉంది. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక, "ఇదిగో, నా మేకే," అంది. "చూడు."

మరదలు కూర్చున్నచోటనే చేతులు బిగించుకుంది. నేను ముట్టుకోను అన్న వస్తువు, ముట్టుకోక ఎన్ని నెలలైందో. కొసక్క ఆ మూలను ఆమె వైపు జరిపి ఊరుకుంది, పట్టుకో అనలేదు. అలా చెప్పడానికి ఆ నోరు మొదటిసారి వెనకాడింది. కొంతసేపటికి మరదలు చెయ్యి చాచి, ఆ కన్నంలో వేలు పెట్టింది. అలాగే ఉంచింది.

ఇంకో మూడు నాలుగు రోజులు బతికింది కొసక్క. మేస్త్రి వచ్చి పరామర్శించి వెళ్ళాడు. ఇస్త్రీ పిన్ని వచ్చి, ఇంత దూరం పోతూ మమ్మల్ని రమ్మనలేదేం అంది. ఇలాంటి చోటికి ఎవర్నీ పిలవకూడదులే అంది కొసక్క. అది ఆమె ఆడిన ఆఖరి హాస్యం. ఒకరోజు తెల్లవారుజామున మరదలి చేతిలో చెయ్యి ఉండగానే పోయింది.

జరగవలసినవన్నీ జరిగాక, గది ఖాళీ చేసి ఇవ్వడానికి భార్యాభర్తలు వెళ్ళారు. సామాను అంటూ పెద్దగా లేదు. మంచం జరిపితే బకెట్టు బయటపడింది. తమ్ముడు దాన్ని అలాగే పారబోద్దామన్నాడు. మరదలు ఒప్పుకోలేదు. ముక్కు మూసుకుని నీళ్ళు మార్చి, ఆ దుప్పటిని ఒకటికి రెండుసార్లు ఉతికింది. పిండేటప్పుడు ఇటు చివర పట్టుకోండి అంది. ఆయన పట్టుకున్నాడు. సాయంత్రానికి మేడ మీద తీగ మీద ఆరింది.

ఆ అక్కకి తమ్ముడై ఉండి, ఆ ఇద్దరాడవాళ్ళ మధ్య ఉండి కూడా ఆయన ఎన్నడూ దుప్పటి మడవలేదు. ఎన్నిసార్లు పిలిచినా, నా చేతులకి గ్రీజుంది అని తప్పించుకునేవాడు. ఇవాళ చేతులు కడుక్కుని ఉన్నాడు. మరదలు తీగ మీది నుంచి దుప్పటి తీసి, రెండు మూలలు ఆయన చేతుల్లో పెట్టి, వెనక్కి నడిచి తన మూలలు పట్టుకుంది. బిగలాగి దులిపారు. దుప్పటి పైకి లేచింది. ఆ క్షణంలో ఇద్దరి చూపులూ ఒక్కసారే దాని కిందికి పోయాయి. కింద ఎవరూ లేరు. దుప్పటి దిగింది.

అంచుకి అంచు కలిపారు. ఆయనకి తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. తడబడుతూ రెండడుగులు ముందుకు వేశాడు. దుప్పటి నడుమ వేలాడి నేలకు తగలబోయింది.

"కదలకండి," అంది ఆమె. "మీరక్కడే ఉండండి. నేనే వస్తాను."